మీట మారాలా, మాట మారాలా? – తెలుగు కీబోర్డు మార్పిడి వాదాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
తెలుగు టైపింగులో పాత అమరికను విడిచి ఇన్‌స్క్రిప్టుకు మారాలన్న వాదాన్నీ, అలవాటే మేలన్న ప్రతివాదాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇరుపక్షాలూ సంకేత పద్ధతిని, మీటల అమరికను ఒకటిగా భావించడమే చిక్కుకు మూలమని ప్రతిపాదిస్తుంది. దిగువ కృష్ణా డెల్టా స్థలనామాలను పరీక్షకు తీసుకుంటుంది.

కీలక పదాలు: ఇన్‌స్క్రిప్ట్, యాపిల్ కీబోర్డు, ఆర్.టి.ఎస్., యూనికోడ్, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ.

1. ఉపోద్ఘాతం:
1902లో కృష్ణాపత్రిక పుట్టిన మచిలీపట్నానికి అక్షరం కూర్చే పని కొత్తది కాదు. సీసపు అక్షరాలను ఏ గడిలో ఏది ఉందో చూడకుండానే వేళ్లతో తీసి పేర్చిన కంపోజిటర్ల స్థానంలోకి తరువాతి కాలంలో డీటీపీ ఆపరేటర్లు వచ్చారు. వారిలో చాలామంది అను ఫాంట్లతో, యాపిల్ అమరికతో పని నేర్చినవారు. విద్యార్థులు, అధ్యాపకులు ఎక్కువగా తెలుగును రోమన్ అక్షరాలలో కొట్టి తెలుగులోకి మార్చుకుంటున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్., దానిని అనుసరించి వీవెన్ రూపొందించిన లేఖిని ఈ మార్గాన్ని సుగమం చేశాయి. ఈ రెండు వర్గాలకూ నేడు వినిపిస్తున్న సలహా ఒక్కటే: ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్టుకు మారండి. ఇద్దరికీ ఒకే మందు పనికివస్తుందా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. రెండు మార్పుల కలగలుపు:
మీట నొక్కినప్పుడు రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. ఏ మీటకు ఏ అక్షరం అన్నది అమరిక. ఆ అక్షరం ఏ సంఖ్యగా ఫైలులో నిలుస్తుందన్నది సంకేత పద్ధతి. యూనికోడ్ 1991లో వెలువడిన తొలి రూపం నుంచే తెలుగుకు 128 స్థానాల ఖండాన్ని కేటాయించింది. పాత డీటీపీ ఫాంట్లు మాత్రం తెలుగు అక్షరాల ముక్కలను ఇతర అక్షరాల సంఖ్యల మీద కూర్చోబెట్టాయి. కాగితం మీద అచ్చు అందంగానే ఉంటుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో అదే ఫైలు అర్థంలేని గుర్తుల వరుసగా మిగులుతుంది.

దీని నష్టం చిన్నది కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి దివిసీమలో ఎవరైనా చిన్న పుస్తకం అచ్చువేశారని అనుకుందాం. ఆ ఫైలు పాత ఫాంటులోనే ఉంటే, "ఉప్పెన" అని వెతికే పరిశోధకునికి అది దొరకదు. స్థానిక చరిత్రలు, తిరునాళ్ల కరపత్రాలు, చిన్న పత్రికల సంచికలు అన్నిటిదీ ఇదే గతి. కనుక సంకేత పద్ధతి మారి తీరాలి.

అయితే దానికోసం వేళ్ల అలవాటును బలిపెట్టనక్కరలేదు. లినక్సులో వాడే ఎం17ఎన్ సాధనాలలో తెలుగుకు ఇన్‌స్క్రిప్టు, ఆర్.టి.ఎస్.లతో పాటు యాపిల్ అమరిక కూడా ఉంది. అంటే పాత మీటలతోనే యూనికోడ్ తెలుగు వస్తుంది. "యూనికోడ్ కావాలంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకో" అనే సలహా సాంకేతికంగా తప్పు. పేజీకి ఇంత అని కూలి తీసుకునే ఆపరేటరుకు అది అన్యాయం కూడా. అతడు కొత్త అమరికలో తడబడే నెలల ఖర్చును సలహా ఇచ్చినవారు భరించరు.

3. క్వర్టీ వివాదం నేర్పేది:
ఇంగ్లీషు లోకంలోనూ ఈ తగవు జరిగింది. 1874లో మార్కెట్టుకు వచ్చిన షోల్స్ టైపురైటరు నుంచి క్వర్టీ వంశం సాగింది. 1936లో ఆగస్ట్ డ్వొరాక్ వేరొక అమరికకు పేటెంటు పొందాడు. మెరుగైనది ఉన్నా తొలి అలవాటుకే సమాజం బందీ అవుతుందనడానికి ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1985లో క్వర్టీని ఉదాహరణగా చూపాడు. 1990లో లీబోవిట్జ్, మార్గోలిస్ డ్వొరాక్ ఆధిక్యానికి చూపిన ఆధారాలు బలహీనమైనవని వాదించారు. "శాస్త్రీయం" అన్న బిరుదు ఒక్కటే మార్పునకు చాలినంత కారణం కాదని, లాభాన్ని కొలిచి చూపాలని ఈ వివాదం హెచ్చరిస్తుంది.

4. ఊరి పేర్లతో పరీక్ష:
మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ, అవనిగడ్డ, ఘంటసాల, నాగాయలంక అనే ఆరు పేర్లను ఆర్.టి.ఎస్.లో రాయడానికి వరుసగా 13, 8, 8, 10, 10, 11 నొక్కులు కావాలి. ఇన్‌స్క్రిప్టులో 10, 7, 7, 8, 6, 8 చాలు. మొత్తం 60కి బదులు 46. షిఫ్ట్ మీట అవసరం ఆర్.టి.ఎస్.లో 15 సార్లు, ఇన్‌స్క్రిప్టులో 2 సార్లే: అవనిగడ్డలోని "అ"కు, ఘంటసాలలోని "ఘ"కు. ఆర్.టి.ఎస్.లో దీర్ఘానికి అచ్చును రెండుసార్లు కొడితే షిఫ్టు తగ్గుతుంది, నొక్కులు పెరుగుతాయి. రోమన్ మార్గంలో ప్రతి అకారాన్నీ విడిగా కొట్టవలసి రావడం, ట, డ, పూర్ణబిందువులకు పెద్ద అక్షరాలు అవసరం కావడం ఈ భారానికి కారణాలు. నొక్కుల లెక్క వేగానికి ప్రత్యక్ష కొలత కాదు. శ్రమ ఎక్కడుందో మాత్రం అది చూపుతుంది.

5. ఇన్‌స్క్రిప్ట్ గుణదోషాలు:
1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న ఈ అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులలో అధికభాగం కుడిచేతికి వస్తాయి. వేళ్లు ఆనే మధ్య వరుసలో ప, క, త, చ, ట ఉన్నాయి. సరిగ్గా వాటి పై వరుసలో బ, గ, ద, జ, డ ఉన్నాయి. అంటే ప్రతి పరుషం మీదా దాని సరళం కూర్చుంది. సరళాదేశ సంధి చదివిన విద్యార్థికి ఈ పటం అప్పటికే సగం తెలిసినట్టే. వీటి ఒత్తక్షరాలు అవే మీటల మీద షిఫ్టుతో వస్తాయి.

దోషమూ ఉంది. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా చేసిన ఈ పటంలో దేవనాగరికి అంతగా పనిలేని హ్రస్వ ఎ, ఒలను మూలలకు నెట్టారు. ఎత్వం ఎడమవైపు అడుగు వరుస చివరన, ఒత్వం పైవరుస కొసన పడ్డాయి. "తెలుగు" అన్న మాటకే చిటికెన వేలు కిందికి దిగాలి. పెడనకూ అంతే. మొవ్వ అని రాయడానికి రెండు పద్ధతులలోనూ అయిదే నొక్కులు. పైగా ఆర్.టి.ఎస్.లో షిఫ్టు అవసరం లేదు, ఇన్‌స్క్రిప్టులో మూల మీటను వెతకాలి. తెలుగులో ఇంత తరచుగా వచ్చే స్వరాలకు ప్రామాణిక అమరికలో మంచి చోటు దొరకకపోవడం సమర్థనీయం కాదు.

6. ముగింపు:
అనుభవజ్ఞుడైన ఆపరేటరు అమరిక మార్చనవసరం లేదు. అతని ఫైళ్లు యూనికోడులోకి మారాలి, ఆ మార్పిడి ఖర్చును పుస్తకం వేయించేవారు పంచుకోవాలి. రోమన్ మార్గంలో అప్పుడప్పుడు నాలుగు వాక్యాలు రాసేవారికి మార్పు వల్ల పెద్ద లాభం లేదు. సిద్ధాంత వ్యాసాలు, గ్రంథాలు రాసే విద్యార్థులకు మాత్రం శ్రమ ఫలిస్తుంది. ఇంకా ఏ అలవాటూ పడని బడిపిల్లలకు అసలు మారవలసిన అవసరమే ఉండదు. వారికి వర్ణమాలతో పాటే ఇన్‌స్క్రిప్టు నేర్పవచ్చు. ఒకసారి కుదిరిన చేతిని మార్చడం కంటే మొదటిసారే కుదురుగా నేర్పడం తేలిక. మార్పిడి ఉద్యమం తన బలాన్ని వెచ్చించవలసింది డీటీపీ కేంద్రం మీద కాదు, బడి మీద.