ఉచితం వేరు, ఉమ్మడి వేరు

రచయిత తన రచనను ప్రజలకు ఇచ్చేటప్పుడు ఏ షరతుతో ఇవ్వాలి? ఈ ప్రశ్న ఒకప్పుడు న్యాయవాదులదిగానే ఉండేది. 2002లో క్రియేటివ్ కామన్స్ సంస్థ తన మొదటి లైసెన్సులను వెలువరించిన తరువాత అది మనందరిదీ అయింది. హక్కులన్నీ తనవద్దే ఉంచుకోకుండా కొన్నిటిని ముందుగానే అందరికీ వదిలివేసే వీలు వాటివల్ల రచయితకు కలిగింది. అందులోని షరతులు ముఖ్యంగా నాలుగు: కర్త పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడరాదు, మార్పులు చేసి పంచరాదు, మార్చి పంచితే అవే షరతులతో పంచాలి.

నేను రెండో షరతును గట్టిగా పట్టుకున్నవాణ్ణి. చేనేత పనివారిని గురించి నేను తీసిన ఫోటోలను అందరికీ ఇస్తూ, "వ్యాపారానికి మాత్రం కాదు" అని రాశాను. నా శ్రమ మీద వర్తకుడు లాభం తీయకూడదన్నది నా పట్టుదల. అదే అభ్యుదయ దృక్పథం అనుకున్నాను. కొన్నాళ్లకు బడిపిల్లల కోసం ఉమ్మడిగా ఒక పుస్తకం తయారుచేస్తున్న యువకులు నా ఫోటోలు చూసి ముచ్చటపడ్డారు. షరతు చూసి మానుకున్నారు. "మా పుస్తకం ఉచితమేనండీ. కాని పల్లెలో ఎవరైనా కాగితం ఖర్చూ, కూలీ వేసుకుని అచ్చువేసి అమ్మితే మేము కాదనం. మీ షరతు కాదంటుంది" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆలోచించగా పొరపాటు నాదేనని తేలింది.

వ్యాపార నిషేధం ఉన్న బొమ్మలను వికీమీడియా కామన్స్ కూడా స్వీకరించదు. వికీపీడియా 2009లో తన వ్యాసాలకు ఎన్నుకున్నది మొదటి, నాలుగో షరతులను మాత్రమే. కారణం స్పష్టం. వందలమంది చేయిపడిన రచనలో ఒక్కరి నిషేధం మొత్తానికి సంకెల అవుతుంది. పైగా వర్తకుడు డబ్బిచ్చి వేరొక బొమ్మ కొనుక్కోగలడు. డబ్బులేని ఉమ్మడి ప్రయత్నం కొనలేదు. వర్తకుడి కోసం నేను వేసిన తాళం నా తోటివారికే పడింది.

మరి దోపిడీ మాటేమిటి? దానికి జవాబు నాలుగో షరతు. వర్తకుడు అమ్ముకోవచ్చు; కాని తాను మార్చి పంచినదాని చుట్టూ కొత్త కంచె కట్టరాదు.

ఇందులో లోపాలు లేవని నేననను. నా ఫోటోను మార్చకుండా తన పుస్తకంలో చేర్చుకున్న ప్రచురణకర్త ఆ పుస్తకమంతటినీ అందరికీ వదలనక్కరలేదు. ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోలేము. కళాకారుడి తిండి మాట ఎలాగూ ఉన్నది. అయితే అమ్మకానికీ ఉమ్మడికీ పుట్టువైరం లేదు. బ్లెండర్ ఫౌండేషన్ వారు 2008లో 'బిగ్ బక్ బన్నీ' అనే చిన్న చిత్రాన్ని పేరు చెప్పాలన్న షరతుతోనే లోకానికి వదిలారు. డీవీడీలను ముందుగా అమ్మి ఖర్చులో కొంత రాబట్టారు.

వెల లేకుండా ఇచ్చి, వాడుకునే చేతిని కట్టివేస్తే అది ఉచితమే గాని ఉమ్మడి కాదు. నేను నా షరతు మార్చుకున్నాను. శ్రమజీవుల పక్షాన రాసే మిత్రులు తమ షరతు ఎవరిని అడ్డుకుంటున్నదో ఒకసారి పరీక్షించి చూడాలని కోరుతున్నాను.