కారలప్ పిల్లల పొద్దుగూకే ఆకాశాలు

ముందు చెట్టు నల్లగా నిలబడి ఉంటుంది. దాని వెనక ఆకాశం లేత పసుపుతో మొదలై, నారింజలోకి, ఎరుపులోకి, పైకి పోయేకొద్దీ ఊదాలోకి దిగుతుంది. ఏ రంగు ఎక్కడ ఆగి ఏది మొదలైందో వెతికితే దొరకదు. పాస్టెల్ ముక్కను కాగితం మీద ఎంత ఒత్తాలో, ఎక్కడ చెయ్యి తేల్చాలో తెలిస్తే తప్ప అంచులు అలా కలిసిపోవు. వేసినవాళ్ళు బడిపిల్లలు.

కారలప్ పశ్చిమ ఆస్ట్రేలియాలో, కటానింగ్ పట్టణానికి దగ్గర్లో ఒకప్పుడు ఉన్న ప్రభుత్వ శిబిరం. 1905 నాటి ఆదివాసుల చట్టం నీడలో నూంగార్ అనే ఆదివాసుల పిల్లల్ని కన్నవాళ్ళ నుంచి విడదీసి ఉంచిన చోట్లలో అదొకటి. 1946లో నోయెల్ వైట్ అనే ఉపాధ్యాయుడు, భార్య లిలీతో కలిసి అక్కడి బడికి వచ్చాడు. పిల్లల్ని చుట్టుపక్కల అడవిలో తిప్పేవాడు. తిరిగొచ్చాక, చూసింది గీయమనేవాడు. ఎదుట నమూనా పెట్టి దించమనడం కాదు, జ్ఞాపకంలోంచి తియ్యమనడం.

బొమ్మల బలమంతా ఇందులోనే ఉందని నాకనిపిస్తుంది. ఎదురుగా చూసి గీసేవాడు ప్రతి ఆకునూ పట్టుకోబోయి చెట్టును పోగొట్టుకుంటాడు. ఈ పిల్లల దగ్గర మిగిలింది మాత్రం చెట్టు మొదలు ఎటు వాలింది, కొమ్మ ఎక్కడ చీలింది, వెలుగు ఏ పక్కనుంచి వచ్చింది అన్నవే. మనకు యూకలిప్టస్ అంటే వరసలు తీర్చిన జామాయిల్ తోట, అన్నీ ఒకే ఎత్తు. ఆ జాతి చెట్లే ఈ కాగితాల మీద ఒక్కోటి ఒక్కో ఒంపు తిరుగుతాయి.

దూరాన్ని పట్టిన తీరు ఇంకా గొప్పది. పొడవాటి చెట్లు కాగితం అంచుల దగ్గర, చూసేవాడికి బాగా దగ్గరగా నిలుస్తాయి. వాటి మధ్యనుంచి దారో, వాగో మెలికలు తిరుగుతూ లోపలికి పోతుంది. నేల పొరలు పొరలుగా వెనక్కి జరుగుతుంది. అంత విశాలమైన చోట కంగారూ గానీ, ఈటె పట్టిన వేటగాడు గానీ చిన్నగానే ఉంటారు. మనిషిని పెద్దగా వేసి కథ చెప్పాలన్న ఆత్రం లేదు. నేల మీద చెట్ల నీడలు ఏ దిక్కుకు పడాలో ఆ దిక్కుకే పడతాయి. రంగులకు మురిసి ఈ నీడల్ని దాటేసేవాళ్ళు ఎక్కువ. నన్నడిగితే పనితనం కనబడేది అక్కడే.

పార్నెల్ డెంప్‌స్టర్ ‘డౌన్ టు డ్రింక్’, బ్యారీ లూ ‘ఆన్ ది అలర్ట్’, రేనాల్డ్ హార్ట్ ‘ఎ నేటివ్ కొరోబొరీ’ ఇవాళ పేరున్న బొమ్మలు. ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రం అనగానే చుక్కల బొమ్మలు ఊహించుకునేవాళ్ళు వీటి ముందు కాస్త తికమకపడతారు. ఆ చుక్కల చిత్రాలు ఎక్కడో ఎడారి నడుమ పాపున్యాలో 1971 తర్వాత ఊపందుకున్నవి. ఇవి అంతకు రెండు దశాబ్దాల ముందువి, వేరే నేలవి, వేరే జనానివి.

1949లో ఫ్లోరెన్స్ రట్టర్ అనే ఇంగ్లండు పెద్దావిడ కారలప్ వచ్చి బొమ్మలు చూసి నివ్వెరపోయింది. వాటిని వెంట తీసుకుపోయి ఐరోపాలో ప్రదర్శనలు పెట్టించింది. రచయిత్రి మేరీ డ్యూరాక్‌తో కలిసి 1952లో ఒక పుస్తకమూ తెచ్చింది. ఆ పుస్తకం బయటికొచ్చేనాటికి కారలప్ బడే మూతపడింది, పిల్లలు చెల్లాచెదురయ్యారు. లోకం చప్పట్లు కొడుతున్నది ఆగిపోయిన పనికి. ఆ చప్పట్లలోనూ జాలి పాలు ఎక్కువే. ఈ పిల్లలు కూడా నేర్చుకోగలరా అన్న ఆశ్చర్యం తప్ప, ఈ ఆకాశాన్ని ఎలా కలిపారు అన్న ప్రశ్న తక్కువ.

రట్టర్ 1956లో తన దగ్గరున్న బొమ్మల్ని న్యూయార్క్‌కు చెందిన హెర్బర్ట్ మేయర్‌కు అమ్మింది. ఆయన 1966లో వాటిని అమెరికాలోని కోల్గేట్ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. అక్కడ అవి పెట్టెల్లో పడి ఉండిపోయాయి. 2004లో మానవశాస్త్రవేత్త హోవర్డ్ మార్ఫీ కంటబడేదాకా అవి ఉన్న సంగతే నూంగార్ జనానికి తెలియదు. 2013లో 122 బొమ్మలు పెర్త్‌లోని కర్టిన్ విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చాయి. నూంగార్ కుటుంబాలకు అవి కళాఖండాల కన్నా ముందు తాతల, మేనమామల చేతిగీత.

ఆ పిల్లల్లో పెద్దయ్యాక కూడా బొమ్మలు వదలనివాళ్ళలో ఒకడు రెవెల్ కూపర్. అతని జీవితంలో చాలా ఏళ్ళు జైళ్ళలో గడిచాయి. 1983లో చనిపోయాడు. అతను ఉన్న ఫ్రీమాంటిల్ జైల్లో అడవి ఎక్కడుంది? అయినా గోడల మధ్య కూర్చుని అవే వాలు చెట్లు, అవే సాయంకాలాలు వేశాడు. జ్ఞాపకంలోంచి గీయడం వైట్ బడిలో అబ్బిన అలవాటే కదా. కొన్నింటిలో రంగు మరీ గాఢమై, చిన్ననాటి బొమ్మల్లోని గాలి తగ్గిందనిపిస్తుంది గానీ, కూర్పు మాత్రం ఎక్కడా సడలలేదు. తోటి నూంగార్ ఖైదీలు అతని దగ్గర చెయ్యి తిప్పడం నేర్చుకున్నారు. పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూలన ఇవాళ ప్రకృతి దృశ్యాలు వేసే నూంగార్ చిత్రకారుల్లో చాలామంది తమది కారలప్ పద్ధతి అనే చెబుతారు.