కొన్న కార్డులు, కూర్చిన జట్టు

చదరంగములో ఇద్దరికీ పావులు సమానము. పేకాటలో ముక్కలు కలిపి పంచుదురు. మంచి ముక్క ఎవరికి పడునన్నది యాదృచ్ఛికము. ఈ రెండింటికీ చెందని మూడవ జాతి ఆట 1993లో బాగుగా వ్యాప్తిలోనికి వచ్చినది. ఆ సంవత్సరము గణితశాస్త్రజ్ఞుడైన రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన 'మేజిక్: ది గాదరింగ్' అను ఆటలో ఆటగాడు తన ముక్కలను తానే కొని తెచ్చుకొని, వాటినుండి తన కట్టను కూర్చుకొనును. 2018లో 'స్టీమ్ మాన్‌స్టర్స్' అను పేరుతో మొదలై, తరువాత 'స్ప్లింటర్‌లాండ్స్' అని పేరు మార్చుకొన్న ఆట ఈ జాతిలోనిదే. అయితే ఇందులో కార్డులు కాగితపువి కావు. అవి కంప్యూటరు తెరమీద కనిపించునవి. వాటి క్రయవిక్రయములు బ్లాక్‌చైన్ అను బహిరంగ చిట్టాలో నమోదగును.

ఆటలోని బుద్ధికుశలత అంతయు జట్టును కూర్చుటలోనే ఉన్నది. పోరు మొదలైన పిమ్మట ఆటగాడు చేయగలిగినది ఏమియు లేదు, కూర్చుండి చూడవలసినదే. ప్రతి కార్డుకు 'మానా' అను ఒక ఖరీదు కలదు. ఒక్కొక్క పోరుకు మొత్తము మానా ఇంతకు మించరాదని హద్దు పెట్టుదురు. ఆ హద్దులో ఒక నాయక కార్డును, ఆరుకు మించకుండ భూతములను ఎన్నుకొని వరుసగా నిలుపవలెను. మొదటి స్థానములోనిది దెబ్బలు కాయును. చేతితో కొట్టు భూతము సాధారణముగా మొదటి స్థానమునుండియే కొట్టగలదు. దూరమునుండి బాణము వేయునది మొదటి స్థానములో నిలిచినచో సాధారణముగా నిరుపయోగము. మంత్రశక్తితో కొట్టునది కవచమును లెక్కచేయక ప్రాణమునకే దెబ్బ తగిలించును. వెనుక దాచిన బలహీనునికైనను భద్రత లేదు. చివరివానిమీద దొంగదెబ్బ తీయు కార్డులు కూడ ఉన్నవి. పైగా పోరుపోరుకు నియమములు మారును. ఒకసారి మంత్రగాండ్రకు ప్రవేశము లేదు. మరియొకసారి మందగతి గలవే ముందుగా కొట్టును.

వరుసకు ఎంత ప్రాముఖ్యమున్నదో ఒక చిన్న లెక్క చెప్పగలదు. నలువది కార్డులనుండి ఆరింటిని ఎన్నుకొనుటకు 38,38,380 విధములు గలవు. ఎన్నుకొన్న ఆరింటిని 720 వరుసలలో నిలుపవచ్చును. వెరసి 276 కోట్లకు పైబడిన జట్లు! మానా హద్దు ఇందులో చాల భాగమును కొట్టివేయును గాని, మిగిలినవి కూడ కొద్ది నిమిషములలో పరిశీలించుటకు మనుష్యునికి సాధ్యము కావు.

ఇద్దరును ఒకరి ఎన్నిక నొకరు చూడకుండ ఏకకాలమున నిర్ణయించుకొను ఇట్టి ఆటలను ఫ్రెంచి గణితజ్ఞుడు ఎమిల్ బోరెల్ 1921లోనే పరిశీలించెను. 1928లో ఫాన్ నోయ్‌మన్ నిరూపించిన సిద్ధాంతము ప్రకారము, ఒకరి గెలుపే రెండవవారి ఓటమియైన ఇద్దరి ఆటలో ప్రతివానికి ఒక ఉత్తమ వ్యూహము ఉండును. అది చాలసార్లు ఒకే జట్టు కాక, కొన్ని జట్లను నిర్ణీత నిష్పత్తిలో మార్చి మార్చి దింపుటయై ఉండును. స్ప్లింటర్‌లాండ్స్‌లో ఇది స్పష్టముగా కనిపించును. మంత్రపు జట్టు కవచధారులను గెలుచును. మంత్రమును తిప్పికొట్టు జట్టు మంత్రగాండ్రను గెలుచును. కవచధారులు ఆ తిప్పికొట్టువారిని గెలుచుదురు. ఎప్పుడును ఒకే జట్టుతో దిగువాడు దొరకిపోవును.

ఈ రహస్య నిర్ణయమును కాపాడు ఏర్పాటు ప్రశంసింపదగినది. ఆటగాడు తన జట్టుకు ఒక రహస్యపదము చేర్చి, దానినుండి లెక్కకట్టిన 'హాష్' అను సంకేతమును ముందుగా పంపును. హాష్ నుండి జట్టును వెనుకకు రాబట్టలేరు. జట్టును మార్చినచో హాష్ సరిపడదు. రహస్యపదము ఎందుకన్నచో, జట్ల సంఖ్య పరిమితము గనుక, అది లేనిదే ఎదుటివాడు అన్నింటికి హాష్‌లు కట్టి పోల్చి చూడగలడు. ఇద్దరి హాష్‌లు చేరిన తరువాతనే అసలు జట్లు బయటపడును. మోసమునకు తావులేని ఈ పద్ధతి ఏ తరగతిలోనైనను బోధింపదగినది. అయితే దీనికి కార్డుల యాజమాన్యముతో గాని, వాటి వెలతో గాని సంబంధము లేదు.

చిక్కంతయు అక్కడనే. ఒకే కార్డు ప్రతులను కొని కలిపినచో దాని శ్రేణి పెరుగును. బలము, వేగము, శక్తులు హెచ్చును. 2021లో వెలువడిన 'కేయాస్ లీజన్' కార్డులలో సామాన్యమైన దొకటి అత్యున్నత శ్రేణికి చేరుటకు 400 ప్రతులు కలుపవలసి ఉండెను. దీని ఫలితమును పై మూడు జట్ల ఆటతోనే కొలువవచ్చును. ఇద్దరి కార్డులు సమానమైనచో ఒకే రకపు జట్లు ఎదురైనపుడు పోరు సమమనుకొందము. అప్పుడు ఉత్తమ వ్యూహము మూడింటిని సమముగా దింపుట, గెలుపోటములు సరిసమానము. ఇక ఒకని కార్డులు పై శ్రేణివైనందున ఆ సమమైన పోరులు మాత్రము అతని గెలుపులుగా మారినవనుకొందము. ఇద్దరును లోపము లేకుండ ఆడినను అతడు మూడింట రెండు పోరులు గెలుచును. రెండవవాడు ఎంతటి మేధావియైనను ఈ నిష్పత్తిని మార్చలేడు. అతడు తప్పు చేసినచో అది ఇంకను దిగజారవచ్చును.

శ్రేణులకు హద్దులు పెట్టి లీగులుగా విభజించినారు గదా యనవచ్చును. నిజమే, క్రింది లీగులలో లోపము తగ్గును. కాని పెద్ద బహుమానములు పై లీగులలోనే ఉంచిరి.

'కార్డు నిజముగా ఆటగానిదే' అన్న ప్రచారము కూడ సగమే నిజము. కార్డు చేతులు మారిన సంగతి చిట్టాలో చెరగదు. ప్రతి బ్లాకులోను వెనుకటి బ్లాకు హాష్ ఉండుటచేత పాత పద్దును దిద్దినచో పట్టుబడును. కాని ఆ కార్డు ఎంత గట్టిగా కొట్టునో, ఏ పోటీలో చెల్లునో నిర్ణయించునది చిట్టా కాదు, కంపెనీ. పోరు ఫలితమును తేల్చునదియు దాని యంత్రములే. పొలము పట్టా రైతు చేతిలో ఉండి, అందులో ఏమి పండవలెనో వేరొకరు నిర్ణయించినట్లున్నది!

బహిరంగ చిట్టా వలన మరియొక పరిణామము కలిగినది. జరిగిన పోరులన్నియు అందరికి లభించుటచేత, వాటిని కోట్లకొలది సేకరించి ఏ మానా హద్దుకు, ఏ నియమమునకు ఏ జట్టు మేలో కంప్యూటరుచేత చెప్పించవచ్చును. ఆటగాండ్రకు బదులు బాట్‌లు ఆడుట ఈ ఆటలో పెద్ద వివాదమైనది. బహుమతికి వెల ఉన్నచోట యంత్రము అలసిపోకుండ ఆడుటలో ఆశ్చర్యము లేదు.

జట్టు కూర్పులోని గణితము కావలసినవారికి ఇంత తతంగము అక్కరలేదు. బోరెల్ ఆటనే తరగతిలో ఆడించవచ్చును. ఐదు కోటలు, ఒక్కొక్క విద్యార్థికి ఇరువదియైదు గవ్వలు. ఏ కోటకు ఎన్ని గవ్వలో చీటిమీద వ్రాసి మడిచి బల్లమీద పెట్టవలెను. ఇద్దరి చీటీలు పడిన తరువాతనే విప్పవలెను. ఎక్కువ గవ్వలున్నవానిది ఆ కోట. మూడు కోటలు దక్కినవాడు గెలిచినట్లు. మడిచిన చీటియే ఇక్కడ హాష్. ఐదేసి చొప్పున సమముగా పంచినవానిని తొమ్మిది, తొమ్మిది, ఏడు, సున్న, సున్న అని పంచినవాడు ఓడించును. ఆ రెండవవానిని ఓడించు పంపిణీ ఏదో విద్యార్థులే వెదకవలెను.