మాతృభాష గడి ఎవరు నింపాలి?

తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిస్తే ముందు ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఎదురవుతుంది. ఆ తర్వాతే గులాబీ రాతి ఆర్ట్స్ కాలేజీ. 1939లో అది తెరుచుకున్ననాడు అక్కడ పాఠం చెప్పిన భాష ఉర్దూ. మేము చదువుకునే నాటికి ఉర్దూ అక్కడొక డిపార్ట్‌మెంటు, అంతే.

ఆ భవనం గురించి మాకు రెండు కథలు చెప్తారు. నిజాం 1917లో ఫర్మానా ఇచ్చి దేశభాషలో యూనివర్సిటీ పెట్టాడని, దారుత్తర్జుమాలో సైన్సు, వైద్యం, న్యాయశాస్త్రం ఉర్దూలోకి తర్జుమా చేయించాడని మావాళ్లు చెప్తారు. నిజమే, గర్వించదగ్గదే. కానీ పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి డిగ్రీ కావాలంటే ఉర్దూ గుండానే దారి అన్న సంగతి మావాళ్ల నోట రాదు. అతని భాషేమిటని దర్బారు అడిగిందా?

ఈ ప్రశ్న లౌకిక మిత్రులు గట్టిగానే వేస్తారు. వేయాలి కూడా. అయితే 1948 పోలీసు చర్య తర్వాత ఉర్దూ బోధన పోయినప్పుడు, ఆ భాషలోనే అక్కడిదాకా చదివినవాళ్లను ఎవరడిగారు? వాళ్లలో హిందువులూ ఉన్నారు సుమా! పోనీ ఆ స్థానంలో తెలుగు వచ్చిందా? ఇంగ్లిషు వచ్చింది.

2020 జాతీయ విద్యావిధానం, వీలైనచోటల్లా, కనీసం 5వ తరగతి దాకా ఇంటిభాషలోనో మాతృభాషలోనో స్థానిక భాషలోనో చెప్పమంటుంది. వీలు ఎవరికి? ఏది ఇంటిభాషో తేల్చేదెవరు? మా ఇంట్లో దక్కనీ, గల్లీ దాటితే తెలుగు. పుస్తకాల ఉర్దూ మేమూ నేర్చుకున్నదే. పల్లెల్లో ఎన్నో దూదేకుల ఇళ్లలో అమ్మ లాలించేదీ తిట్టేదీ తెలుగులోనే. మా పిల్లను బడిలో చేర్చినప్పుడు గుమాస్తా పేరు చూశాడు, మాతృభాష గడిలో ఉర్దూ అని రాసేశాడు. అదేమిటంటే, ‘మీరు ముస్లింలే కదా’ అన్నాడు. తెలుగని రాయమని కాదు మేమన్నది. రాసేముందు అడగమన్నాం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సర్కారు బడులన్నీ ఇంగ్లిషు మీడియం చేస్తూ జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేశాక గానీ తల్లిదండ్రుల ఇష్టం అడగాలని తోచలేదు. అడిగితే అత్యధికులు ఇంగ్లిషే కావాలన్నారు. తెలుగు పండితులు నొచ్చుకున్నారు, ఉర్దూ రాసుకునే మేమూ నొచ్చుకున్నాం. కూలి పనికి పోయే తల్లి ఇంగ్లిషు ఎందుకు కోరిందో తెలుసుకోవడానికి మాత్రం మాలో ఎవరమూ ఆమె గుమ్మం తొక్కలేదు.