డ్రాగన్ ఎగరొచ్చు, మనిషి మాత్రం నడవాలి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌లో ఏ పాత్రను ఎంచుకున్నా మామూలు పరుగు వేగం ఒక్కటే, సెకనుకు 7 గజాలు. లెక్క కడితే గంటకు 23 కిలోమీటర్లు. 2023లో షికాగో మారథాన్‌లో కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకన్లలో గమ్యం చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు ఆయన సగటు వేగం గంటకు 21 కిలోమీటర్లు. అంటే ఒంటినిండా ఉక్కు కవచం తొడుక్కుని, వీపున గొడ్డలి వేసుకున్న పొట్టి డ్వార్ఫ్ ఆ పరుగువీరుణ్ణి దాటి పోతాడు. తెల్లవార్లూ పరుగెత్తినా అతనికి ఆయాసం రాదు. పోనీ నడిపిద్దామని నడక బటన్ నొక్కితే గంటకు 8 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంలో మనలో ఎవరమూ నడవం, పరుగందుకుంటాం.

డ్రాగన్లు, మంత్రాలు, నిప్పు కక్కే కత్తులు ఉన్న లోకంలో అడుగుల లెక్క ఎందుకని ఎవరైనా అడగొచ్చు. నాకు మాత్రం అక్కడే అసలు విషయం ఉందనిపిస్తుంది. డ్రాగన్‌ను మనలో ఎవరూ చూడలేదు కాబట్టి అది ఎలా ఎగిరినా ఒప్పుకుంటాం. నడక అలా కాదు. ఏడాది వయసు అటూఇటూగా మొదలుపెట్టి రోజూ చేస్తున్న పని అది. అందులో చిన్న తేడా వచ్చినా కన్ను వెంటనే పట్టేస్తుంది. ఫ్యాంటసీ లోకాన్ని కట్టేవాళ్లు మన నమ్మకాన్ని గెలుచుకోవాల్సింది పాదాల దగ్గరే.

ఆర్‌పీజీలు, అంటే రోల్ ప్లేయింగ్ గేమ్స్, ఆడటం నాకు ఎంతోకాలంగా ఉన్న అలవాటు. ఊరి పొలిమేర రాగానే పరుగు ఆపి నడవడం ఆ అలవాటులో భాగం. అలా నడిచినప్పుడే ఏ ఆటలో నడకను మనసుపెట్టి చేశారో, ఎక్కడ దాన్ని బటన్ పనిగా వదిలేశారో తెలుస్తుంది.

తయారీదారులు వేగం పెంచడానికి కారణాలు లేకపోలేదు. తెర మీద కెమెరా పాత్రకు వెనకగా, కాస్త పైనుంచి చూస్తుంటుంది. ఆ దూరం నుంచి నిజమైన నడక వేగం నత్తనడకలా కనిపిస్తుంది. పైగా దేశం మొత్తాన్ని కొన్ని కిలోమీటర్లలోకి కుదించాలి. ఈ కుదింపును స్కైరిమ్ ఒక పద్ధతిలో సర్దింది. 2011లో వచ్చిన ఆ ఆటలో గడియారం మనదానికంటే 20 రెట్లు వేగంగా తిరుగుతుంది. మన 3 నిమిషాలు అక్కడ ఒక గంట, మన 72 నిమిషాలు అక్కడ ఒక రోజు. రివర్‌వుడ్ పల్లె నుంచి వైట్‌రన్ పట్నానికి పరుగున పోతే మనకు గడిచేవి కొన్ని నిమిషాలే. కానీ సాయంత్రం బయల్దేరితే చేరేసరికి చీకటి పడుతుంది, దుకాణాలు మూసేస్తారు. దూరాన్ని కుదించిన చోట పొద్దును తొందరపెట్టి ప్రయాణం అనిపించారు. కాలి వేగాన్నీ సూర్యుడి వేగాన్నీ కలిపి చూసుకున్నారు కాబట్టే అంత చిన్న నేల మనకు ఒక రాజ్యంలా తోస్తుంది.

అంతకంటే బలంగా నన్ను పట్టుకున్నది అదే సిరీస్‌లో 2002లో వచ్చిన మారోవిండ్. సేడా నీన్ అనే చిత్తడి రేవులో ఓడ దిగిన ఖైదీగా కథ మొదలవుతుంది. బల్మోరా వెళ్లి ఒకాయన్ని కలవమంటారు. ఎటు పోవాలో తెరమీద బాణం గుర్తు ఉండదు. దారి మాటల్లో చెబుతారు, విని గుర్తుపెట్టుకోవాలి. చేతిలో డబ్బుంటే సిల్ట్ స్ట్రైడర్ అనే మేడంత పురుగు మీదెక్కి పోవచ్చు. లేదంటే పెలాగియాడ్ మీదుగా, మూన్‌మాత్ కోట పక్కగా కాలినడకే. మొదట్లో మన పాత్ర నడక ఎంత నెమ్మదంటే రోడ్డు పక్కన పుట్టగొడుగులను ఒక్కొక్కటిగా చూస్తూ పోవచ్చు. పరుగెత్తితే ఆకుపచ్చ పట్టీ ఒకటి తరుగుతూ వస్తుంది. అది అలసటకు కొలత. అది అడుగంటిన సమయంలో ఆకాశంలోంచి క్లిఫ్ రేసర్ అనే ఎగిరే మృగం మీద పడితే ఎంత విసిరినా కత్తి తగలదు. మంత్రం సగంలో చెదిరిపోతుంది. ఆయాసంతో దుకాణానికి పోతే బేరం కూడా సరిగ్గా కుదరదు. పరుగెత్తి వచ్చినవాడి మాటకు పట్టు ఉండదన్న సంగతిని కూడా లెక్కలో వేసిన ఆట అది.

అందులోనే దీనికి రెండో వైపు కూడా ఉంది. పరుగెత్తేకొద్దీ అథ్లెటిక్స్ నైపుణ్యం పెరుగుతుంది, దూకేకొద్దీ దూకే నేర్పు మెరుగవుతుంది. ఆట సగానికి వచ్చేసరికి అదే బల్మోరా దారి దగ్గరైనట్టు ఉంటుంది. దారి మారలేదు, మన కాళ్లు గట్టిపడ్డాయి. కథానాయకుడు ఎదిగాడని ఎవరూ డైలాగులో చెప్పాల్సిన పని లేదు. స్కైరిమ్‌కు వచ్చేసరికి ఈ రెండు నైపుణ్యాలనూ తీసేశారు. ఆట సులువైంది, నిజమే. కానీ ఎదుగుదల కాళ్లలో తెలిసే ఆ అనుభవం పోయింది. నాకది పెద్ద లోటు.

మారోవిండ్‌లోని దీవి అంత పెద్దదిగా అనిపించడానికి ఇంకో కారణం పొగమంచు. ఆనాటి కంప్యూటర్లు దూరపు దృశ్యాలను గీయలేవు కాబట్టి కొంత దూరం తర్వాత అంతా మసక. తర్వాతి కాలంలో అభిమానులు మోడ్‌లు, అంటే ఆటను మార్చే చేర్పులు, తయారుచేసి ఆ మసకను తొలగించారు. తొలగిస్తే ఒక ఊరి నుంచి ఇంకో ఊరి గోపురాలు కనిపించాయి, దీవి చిన్నబోయింది. నెమ్మది నడక, దగ్గర చూపు కలిసి చిన్న నేలను పెద్ద దేశం చేశాయన్నమాట.

ఇక పాదం దగ్గరికే వద్దాం. నడుస్తున్న మనిషి వెనక్కి తిరగాలంటే ఒంట్లో చాలా జరుగుతుంది. ముందు కాలు నేలమీద గట్టిగా ఆనాలి. మోకాలు కొంచెం వంగి ఒంటి బరువును ఆపాలి. నడుము తిరగాలి, భుజాలు దాన్ని అనుసరించాలి, అప్పుడు రెండో కాలు కొత్త దిక్కున పడాలి. ఇదంతా అర సెకను పని అనుకుందాం. సెకనుకు 60 ఫ్రేములు చూపే తెరమీద అది 30 ఫ్రేములు. కానీ కంట్రోలర్ పట్టుకున్న బొటనవేలు అంతసేపు ఆగదు. నొక్కిన మరుక్షణమే పాత్ర కదలాలి. ఒంటికి నిజాయితీగా ఉంటే వేలికి మొండిగా తోస్తుంది. వేలి మాట వింటే పాదాలు నేలమీద జారుతున్నట్టు కనిపిస్తాయి. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు రోజూ ఎదురయ్యే తగవు ఇదే.

2015లో ది విచర్ 3 వచ్చినప్పుడు ఈ తగవు బయటపడింది. అందులోని కథానాయకుడు గెరాల్ట్ బరువున్న మనిషిలా కదిలేవాడు. ఆగమంటే ఇంకో అడుగు వేసి ఆగేవాడు, తిరగమంటే వంపు తీసుకుని తిరిగేవాడు. మైదానంలో అది హుందాగా ఉండేది. ఇరుకు ఇళ్లలో, గుమ్మాల దగ్గర ఇబ్బందిపెట్టేది. చాలామంది ఫిర్యాదు చేయడంతో ఆట తయారీ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ కొద్ది వారాల్లోనే 1.07 ప్యాచ్‌లో చురుకైన కదలికను మరో ఎంపికగా ఇచ్చింది. పాత నడకను మాత్రం తీసేయలేదు. ఆ నిర్ణయం నాకు నచ్చింది. నేను ఇప్పటికీ పాత నడకతోనే ఆడతాను. వెండి జుట్టు, వీపున రెండు కత్తులు, వయసు మీదపడిన వేటగాడు టక్కున ఆగితే ఆ వయసు కనపడదు.

ఈ తగవు ఇప్పటిది కాదు. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ ఫ్రేములను ఒక్కొక్కటిగా చూసి గీసి 1989లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా చేశాడు. అప్పటి యాపిల్ 2 కంప్యూటర్ మీద ఆ కుర్రాడు పరుగు నుంచి ఆగేటప్పుడు కాళ్లు నిలదొక్కుకోవడం కనిపించింది. గోతి అంచున వేళ్లతో వేలాడినప్పుడు మన చేతులు బిగుసుకునేవి. ఆ తర్వాత నటుల కదలికలను నమోదుచేసే మోషన్ క్యాప్చర్ వచ్చింది. యూబీసాఫ్ట్ 2017లో విడుదల చేసిన ఫర్ ఆనర్ ఆటలో మోషన్ మ్యాచింగ్ అనే పద్ధతి వాడింది. నటుల నుంచి సేకరించిన కదలికల్లో పాత్ర ఇప్పుడున్న భంగిమకూ ఆటగాడు వెళ్లాలనుకుంటున్న దారికీ సరిపోయే ముక్కను కంప్యూటర్ క్షణక్షణం వెతికి తీస్తుంది. తగవు తీరిపోలేదు గానీ రెండు పక్షాలూ దగ్గరికొచ్చాయి.

ఫ్యాంటసీలో మనుషులే ఉండరు కదా, రాక్షసులూ డ్వార్ఫులూ ఉంటారు. వాళ్ల నడకను ఎవరు చూశారని అనుకోవచ్చు. దానికీ ఒక లెక్క ఉంది. బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త రాబర్ట్ మెక్‌నీల్ అలెగ్జాండర్ 1976లో డైనోసార్ల అడుగుజాడలను బట్టి వాటి వేగాన్ని అంచనా వేశాడు. కాలి పొడవుకూ వేగానికీ ఉన్న సంబంధమే ఆధారం. దాని ప్రకారం 90 సెంటీమీటర్ల కాళ్లున్న మనిషి గంటకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల దాకా నడవగలడు. 50 సెంటీమీటర్ల కాళ్లున్న డ్వార్ఫ్ అయిదున్నర దాటగానే పరుగందుకోవాలి. ఇద్దరూ పక్కపక్కన ప్రయాణిస్తుంటే ఒకరు నడవాలి, ఒకరు గునగునా పరుగెత్తాలి. ఆ ఒక్క తేడా చూపిస్తే చాలు, స్నేహంలోని ఓర్పు అంతా కనిపిస్తుంది. అలాగే నాలుగింతల పొడవున్న రాక్షసుడి కాలు ఒకసారి ఊగడానికి మన కాలికంటే రెండింతల సమయం పడుతుంది. స్కైరిమ్‌లో మామత్‌లను తోలుకుంటూ పోయే జెయింట్ నిదానంగా అడుగువేస్తుంటే దూరం నుంచే భయం పుట్టడానికి కారణం అదే.

కవచం సంగతి కూడా చెప్పాలి. లీడ్స్ నగరంలో రాయల్ ఆర్మరీస్ మ్యూజియం ఉంది. మధ్యయుగపు పోరాటాలను ప్రదర్శించే అక్కడివాళ్లకు పూర్తి కవచం తొడిగి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి పరిశోధకులు 2011లో ఫలితాలు ప్రకటించారు. నడకకు పట్టే శక్తి రెండింతలు దాటింది. అంతే బరువు వీపున మోస్తే ఇంత కష్టం ఉండదు. కాళ్లకు తగిలించిన ఇనుమును ప్రతి అడుగుకూ ఊపాలి కాబట్టి ఈ ఖర్చు. దీన్ని ఆటలోకి తెచ్చినవాళ్లలో డార్క్ సోల్స్ బృందం ముందుంటుంది. మోయగల బరువులో నాలుగో వంతు లోపు ఉంటే పాత్ర చురుగ్గా దొర్లి దెబ్బ తప్పించుకుంటుంది. సగం దాటితే ధబ్బున పడి బరువుగా లేస్తుంది. రక్షణ కావాలా, చురుకుదనం కావాలా అన్న ప్రశ్నను ఆటగాడు తన ఒంటితో తేల్చుకుంటాడు.

నడకతోనే పాత్రను చెప్పడం మన రంగస్థలానికి బాగా తెలిసిన విద్య. భరతుడి నాట్యశాస్త్రం గతులకు ఒక అధ్యాయమే కేటాయించింది. దేవతలకూ రాజులకూ అడుగుకీ అడుగుకీ మధ్య ఎంత ఎడం ఉండాలో, మామూలు పాత్రలకు ఎంతో, దేనికి ఎంత కాలం పట్టాలో అందులో చెప్పారు. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ ప్రవేశ దరువుకు అడుగు పెట్టగానే సభకు సత్యభామే కనిపించేది. ఆర్‌పీజీలో మనం చేసేదీ పాత్ర పోషణే. ముసలి మాంత్రికుడు, పదహారేళ్ల దొంగ, ఊరి కమ్మరి, ఎవరిని ఎంచుకున్నా ఒకే పరుగు పరుగెత్తిస్తే ఆ ఎంపిక ముఖానికీ బట్టలకూ మాత్రమే పరిమితమవుతుంది.

తోడు నడిచేవాళ్ల విషయంలో జరిగే తప్పు ఆర్‌పీజీలు ఆడే ప్రతివారికీ తెలుసు. ముందు దారిచూపే మనిషి వేగం మన నడక కంటే ఎక్కువ, మన పరుగు కంటే తక్కువ. కాసేపు పరుగెత్తి, కాసేపు ఆగి, అతను చెప్పే కథను సగం వదిలేస్తాం. విచర్ 3లో తోటి పాత్ర మన వేగాన్ని గమనించి తన అడుగు సరిచేసుకుంటుంది. అది చిన్న సవరణే, కానీ అందువల్లే ఇద్దరు మాట్లాడుకుంటూ నడుస్తున్నారన్న భావం కలుగుతుంది.

నెమ్మదిదనం దానంతటదే గొప్పదని నేను అనను. పగలంతా పనిచేసి రాత్రి ఒక గంట ఆడుకునే మనిషి సమయం విలువైనది. చూడటానికేమీ లేని దారిలో పది నిమిషాలు నడిపించడం ఆ మనిషిని గౌరవించడం కాదు. కావలసింది, అడుగుకు ఒక ఖరీదు, ఆ ఖరీదుకు తగిన ఫలం. 2024లో వచ్చిన డ్రాగన్స్ డాగ్మా 2 ఈ లెక్క బాగా పట్టుకుంది. చిటికెలో ఊరు మార్చే రాళ్లు ఉన్నాయి గానీ అరుదు. ఎడ్లబండి ఉంది, దారిలో దాని మీద దాడి జరగొచ్చు. మూట బరువెక్కితే ఒగర్పు. తగిలిన గాయాల వల్ల తగ్గిన గరిష్ఠ ఆరోగ్యం ఎక్కడైనా పడుకుని విశ్రాంతి తీసుకునేదాకా మామూలుగా తిరిగిరాదు. అందుకే బయల్దేరేముందు సంచి సర్దుకుంటాం, పొద్దు చూసుకుంటాం, ఎంత దూరం పోగలమో ఆలోచిస్తాం. ప్రయాణికుడు చేసే పనులన్నీ మనమే చేస్తాం.

యానిమేషన్, గేమ్ డిజైన్ నేర్చుకుంటున్న మన పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లు డ్రాగన్ రెక్కల మీద ఎంత శ్రద్ధ పెడతారో మనిషి మడమ మీదా అంతే పెట్టాలని నా కోరిక. మూట మోస్తున్న మనిషి ఎలా మెట్టెక్కుతాడో చూడండి. బురదలో, ఇసుకలో, ఏటవాలులో కాలు ఎక్కడ ఆనుతుందో చూడండి. ఆట మొదట్లో తక్కువ వేగం ఇచ్చి, గుర్రాన్నీ దగ్గరిదారినీ సంపాదించుకునే అవకాశం కల్పించండి. అలా సంపాదించుకున్న వేగం ఆటగాడికి గర్వంగా ఉంటుంది, నడిచి తెలుసుకున్న దేశాన్ని కాపాడాలన్న పట్టుదల అతనికి దానంతటదే కలుగుతుంది.