ప్రేగులోని సూక్ష్మజీవులు - మధుమేహము

నడివయస్సులో వచ్చే మధుమేహానికి విరుగుడు ప్రేగులలోని సూక్ష్మజీవులలోనే కలదని ఇప్పుడు తరచుగా వినవచ్చుచున్నది. ఈ వాదానికి బలమైన ఆధారం షాంఘైలో లిపింగ్ జావో బృందం జరిపి, 2018లో 'సైన్స్' పత్రికలో ప్రకటించిన ప్రయోగం.

43 మంది రోగులలో కొందరికి ముడిధాన్యాలు మొదలైన, పీచు మెండుగా గల ఆహారాన్ని, తక్కినవారికి మామూలు పథ్యాన్ని 84 రోజులు ఇచ్చినారు. హీమోగ్లోబిన్ ఏ1సి 7 శాతానికి దిగువకు వచ్చినవారు పీచు తిన్నవారిలో నూటికి 89, తక్కినవారిలో 50. పీచును మన జీర్ణరసాలు అరిగించలేవు. పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి బ్యూటిరేట్ వంటి పదార్థాలను తయారుచేస్తవి. ఇవి ప్రేగు కణాలచేత జి.ఎల్.పి.-1 అను హార్మోనును విడుదల చేయిస్తవి. దానివలన ఇన్సులిన్ ఊరుట హెచ్చుతుంది.

ఇంతటితో ఆగక, రోగుల మలంలోని సూక్ష్మజీవులను, ఏ క్రిమీ సోకకుండ పెంచిన చిట్టెలుకలకు ఎక్కించి చూచినారు. పీచు తిన్న తరువాతి మలం అందిన ఎలుకలలో చక్కెర మెరుగుగా అదుపులో ఉన్నది. ప్రయోగమంతటిలో మిక్కిలి మెచ్చదగినది ఇదే.

అయితే ఉభయవర్గాలవారూ అకార్బోస్ అను మందు పుచ్చుకొన్నారు. అది పిండిపదార్థాన్ని త్వరగా అరగనీయదు. మిగిలినది పెద్దప్రేగుకు చేరి సూక్ష్మజీవులకు మేత అవుతుంది. పీచు ఒక్కటే ఇచ్చిన ఎట్లుండునో ఈ ప్రయోగం చెప్పదు. పైగా పీచు తిన్నవారు బరువు కూడ ఎక్కువ తగ్గినారు. బరువు తగ్గితే చక్కెర దిగుట వైద్యులకు కొత్త సంగతి కాదు. ఏది ఎంత పని చేసినదో ఇంకను విడదీయవలసి యున్నది.

సూక్ష్మజీవుల గుళికలు అమ్మేవారికి మాత్రం ఇందులో ఆధారమేమీ లేదు. షాంఘైలో రోగులకు అట్టి గుళికలు ఇవ్వలేదు. ఉభయవర్గాలవారూ అకార్బోస్ మందు పుచ్చుకొంటూనే ఉన్నారు.