గంటం గీసిన గీత

విస్సన్నపేట నుంచి నూజివీడు దారిలో మామిడి తోటల మధ్య తాడిచెట్టు కనబడితే నాకు పోతన భాగవతం గుర్తొస్తుంది. శతాబ్దాల పాటు దాన్ని మోసింది తాటాకే మరి.

ఆకు ఈనె తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపుగా రుద్దేవారు. లేఖకుడు దాన్ని ఎడమచేత పట్టి, ఆ చేతి బొటనవేలి ఆసరాతో గంటం నడిపేవాడు. గీసినప్పుడు అక్షరం సరిగా కనబడదు. దీపపు మసి పూసి తుడిచాకే నలుపు గీతలో నిలిచి తేలుతుంది. అంటే పుట పుటంతా దాదాపు చేతి గుర్తుతోనే రాశాడన్నమాట! అడ్డగీత గట్టిగా లాగితే ఆకు చీలుతుంది. మన లిపి గుండ్రదనానికి అదీ ఓ కారణమంటారు.

మధ్యయుగాల యూరప్ సన్యాసులు తోలు పుటల మీద బైబిల్‌ను బంగారు రేకుతో, రంగులతో అలంకరించారు. మన లేఖకుడికి మసి చాలింది. ఆ ఒక్క నలుపే నాకు ఎక్కువ అందం.

తేమా పురుగూ ఆకును తినేస్తాయి, అందుకే తరతరానా మళ్లీ రాయాల్సిందే. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులకు జీతాలిచ్చి ప్రతులు పోల్పించి, కొత్తగా రాయించాడు. ఆయన సేకరించిన తాటాకు ప్రతుల్లో ఎన్నో చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో నేటికీ ఉన్నాయి, చెక్కపలకల మధ్య, దారం గుచ్చిన కట్టలుగా.